తేరిన నీళ్ళు

ఏమే,

మూడు పేజీల నిండా ఆవకాయ సంగతే రాశావు. ఈ ఏడు కారంలో ఘాటు లేదనీ, అక్కడ నువ్వుల నూనె పేరు చెప్పి ఏవేవో అమ్ముతున్నారనీ, జాడీకి వాసెన కట్టడానికి మంచి తెల్లబట్ట కూడా దొరకలేదనీ. నాలుగో పేజీ అడుగున, చోటు చాలక, అంచు వెంట అడ్డంగా, కాగితం తిప్పి చదువుకోవాల్సినట్టు రెండు వాక్యాలు రాశావు. చిన్నవాడు ఉద్యోగం మానేసి రెండు నెలలుగా ఇంట్లోనే ఉంటున్నాడని ఒకటి. డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడు, ఆ డాక్టరు జ్వరాల డాక్టరు కాదు అని రెండోది. ఇంటర్మీడియట్ నుంచీ ఎరుగుదును నిన్ను. అసలు సంగతి ఎప్పుడూ అంచు మీదే రాస్తావు. అందుకే నీ ఉత్తరం రాగానే నేను ముందు కాగితాన్ని నాలుగు వైపులా తిప్పి చూస్తాను. ఈసారీ అదే చేశాను. ఆవకాయ సంగతి మర్నాడు చదివాను.

ఆ అంచు చివర ఇంకో మాట ఉంది. మన రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా, ఈ పిల్లలకి గుండె నిబ్బరం లేదు, నువ్వు గట్టి మనిషివి గనక నాలుగు మాటలు చెప్పు అని. చెప్తాను. అయితే నువ్వు అడిగిన నాలుగు మాటలు ఇవి కాకపోవచ్చు. చివరిదాకా చదువు, మధ్యలో మడిచి దేవుడి అలమరలో పెట్టెయ్యకు.

ఇక్కడ గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. కాలువలు కూడా టీ రంగులో పారుతున్నాయి. మన వీధి చివర రావిచెట్టు కింద రేవు మెట్లు మూడు మునిగాయి. మీ అన్నయ్యగారు రోజూ పొద్దున్నే వెళ్ళి ఎన్ని మెట్లు మిగిలాయో లెక్కపెట్టి వచ్చి చెప్తారు. పంచాయతీ నీళ్ళు కూడా ఒక్కోరోజు మురుగ్గా వస్తున్నాయని మొన్న అటక మీద నుంచి పాత ఇత్తడి బిందె దింపాను. మా అమ్మ వాడిన ఇండుపగింజ ఒకటి పోపుల పెట్టె అడుగున ఇంకా ఉంది, తెలుసా? ఆ గింజ సంగతి మళ్ళీ చెప్తాను.

ముందు ఆ ‘గట్టి మనిషి’ దగ్గర ఆగుతాను. ఆ మాట నన్ను అన్నావు. మా నాన్నని అంతకంటే ఎక్కువగా అనేవారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను నువ్వు చూడలేదు, అప్పటికే హైదరాబాదు వెళ్ళిపోయావు. పేపర్లో చదివి నాకు ఉత్తరం రాశావు, అది మూడు వారాలకి చేరింది. ఆ రాత్రి ఎలా ఉందో నీకు చాలాసార్లు చెప్పాను. ఆ తెల్లారి సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. తెల్లారి నాన్న, నేను తోటకి వెళ్ళాం. దారి లేదు, చెట్ల మీద నుంచి ఎక్కి దిగుతూ వెళ్ళాం. మూడెకరాల్లో రెండు వందల చెట్లు. పడ్డవన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడుకున్నాయి. నిలబడ్డవాటిలో కూడా చాలావాటికి మొవ్వు మెలితిరిగిపోయింది. మొవ్వు పోతే కొబ్బరిచెట్టుకి ఇంకేం లేదు కదా, మామిడికో చింతకో వచ్చినట్టు పక్క నుంచి కొమ్మ రాదు. దానికి ప్రాణం ఒక్కచోటే. నాన్న చివరి దాకా నడిచి, మిగిలినవి లెక్కపెట్టుకుంటూ వెనక్కి వచ్చి, “ముప్ఫై ఒకటి” అన్నారు. ఇంటికొచ్చి స్నానం చేసి పేపరు అడిగారు. ఆ రోజు పేపరు ఎక్కడిది?

కన్నీటి చుక్క లేదు. చూసినవాళ్ళందరూ అదే మాట. “మాస్టారిది ఎంత గుండె దిటవో, కొండంత నష్టం వచ్చినా చలించలేదు.” నేనూ అదే అనుకున్నాను. గర్వపడ్డాను కూడా.

పక్క తోట మా చిన్నాన్నది. ఆయన అదే ఉదయం పడిపోయిన చెట్టు మొదలు మీద కూర్చుని, పైపంచ నోట్లో కుక్కుకుని కూడా ఆపుకోలేక, ఊరంతా వినపడేలా ఏడ్చాడు. నలభై ఐదేళ్ళ మనిషి. ఒక్కో చెట్టునీ పేరు పెట్టి పిలిచినట్టు, ఇది పెద్దాడు పుట్టిన ఏడు వేసింది, ఇది అమ్మ కుండతో నీళ్ళు పోసింది అని చెప్పుకుంటూ ఏడ్చాడు. ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదని మనకో సామెత ఉందిగా, ఆ సామెతని ఆ రోజు మా పెద్దత్తయ్య అననే అంది. నాకూ కొంచెం చిన్నతనంగా అనిపించింది.

తర్వాత ఏం జరిగిందో విను. చిన్నాన్న దగ్గరికి జనం వచ్చారు. ఏడుస్తున్నవాడి దగ్గరికి మనిషన్నవాడు రాకుండా ఉండలేడు. బావమరిది పాలకొల్లు నుంచి వచ్చి పదిహేను రోజులు ఉండిపోయాడు. పడిపోయిన మానులు కోయించి బయటికి లాగించింది అతనే. ఎదురింటి రైతు తన దగ్గరున్న అరటి పిలకలు ఇచ్చాడు. ఎవరో అంబాజీపేట నుంచి మొక్కలు తెచ్చి, డబ్బులు తర్వాత చూసుకుందామన్నారు. ఆషాఢం నాటికి ఆ తోటలో కొత్త మొక్కలు, మధ్యలో అరటి. మనవైపు నాటురకం ఆరేడేళ్ళకి గాని కాపుకి రాదు. ఆ ఆరేడేళ్ళూ అరటే వాళ్ళని నడిపించింది.

మా నాన్న దగ్గరికి ఎవరూ రాలేదు. చెడ్డవాళ్ళై కాదు. “మాస్టారికేం, గట్టి మనిషి, ఆయన చూసుకుంటారు” అనుకున్నారు. నేను కూడా రాలేదే! ఇంట్లోనే ఉండి ఆయన దగ్గరికి వెళ్ళలేదు. ఆయన పొద్దున్న కాఫీ తాగేటప్పుడు కుర్చీని తోట వైపు నుంచి వీధి వైపుకి తిప్పుకున్నారు. ఎందుకు తిప్పారని ఎవరం అడగలేదు. పడిపోయిన చెట్లు ఏడాది దాకా అక్కడే ఉండి చెదలు పట్టాయి. ఆ ఏడు నుంచీ ఆయన తోటలోకి అడుగు పెట్టలేదు. తర్వాత కౌలుకిచ్చేశారు. పోయేదాకా మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

నువ్వేమంటావో తెలుసు. ఏడిస్తే చెట్లు లేస్తాయా, అంటావు. లేవవు. చిన్నాన్న కథ సుఖంగా సాగిందని కూడా నేను అనను. అప్పు తీర్చడానికి అర ఎకరం అమ్ముకున్నాడు, పెద్దాడి చదువు రెండేళ్ళు ఆగింది. ఆయన ఏడవడం వల్ల తోట లేచిందనడం లేదు, ఆయన ఏడవడం వల్ల ఆయనకేం కావాలో నలుగురికీ తెలిసింది. మా నాన్నకేం కావాలో మాకెవరికీ తెలియలేదు. ఇన్నేళ్ళుగా మనం ఎవరిని గట్టివాళ్ళని మెచ్చుకున్నామో ఒకసారి గుర్తు చేసుకో. మీ మేనత్త, మా నాన్న, బళ్ళో ఆయా. వాళ్ళలో చాలామంది చెప్పుకునే దిక్కు లేనివాళ్ళు. చెప్పుకోకపోవడమే బలం అని వాళ్ళకి మనమే నేర్పాం. నేర్పి, మెచ్చుకుని, ఇంటికి వెళ్ళిపోయాం.

ఇది నా ఒక్కదాని అనుభవం అంటావేమో. హవాయిలో కవాయి అని ఒక దీవి ఉంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే ఆవిడ, రూత్ స్మిత్ అనే ఇంకొకావిడ, పుట్టుక నుంచి నలభై ఏళ్ళ వయసు దాకా కనిపెట్టి చూశారు. పేదరికం, తాగుడు, రోజూ గొడవలు, ఇలాంటి ఇళ్ళలో పెరిగిన పిల్లల్లో మూడోవంతు మంది మంచి మనుషులుగా, తమ కాళ్ళ మీద తాము నిలబడ్డవాళ్ళుగా ఎదిగారు. వాళ్ళకి ఏముంది, మిగతావాళ్ళకి ఏం లేదు అని వెతికారు. పిల్లల స్వభావంలో కొంత తేడా ఉందిట. దానితోపాటు మళ్ళీ మళ్ళీ కనపడింది ఒకటి: ఆ పిల్లల్ని మనస్ఫూర్తిగా పట్టించుకున్న పెద్దమనిషి కనీసం ఒకరు ఉన్నారు. అమ్మానాన్నే కానక్కర్లేదు. అమ్మమ్మ, పిన్ని, పొరుగింటావిడ, బళ్ళో టీచరు. ఇది చదివి నేను పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. నిబ్బరం మనిషి లోపల ఉండే వస్తువు అనుకుని ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను. సగానికి సగం అది పక్కనున్న మనిషిలో ఉందిట.

అయినా కవాయి దాకా ఎందుకు? మనవాళ్ళకి తెలియదా ఇది? ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనిస్తారా? పక్కింటి నుంచి క్యారేజీ వస్తుంది. పదిరోజులూ ఎవరో ఒకరు పలకరింపుకి వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్ళందరికీ పోయినవాళ్ళ సంగతి మొదటి నుంచీ చెప్పాలి. ఏం తిన్నారు, ఎప్పుడు నలతగా ఉందన్నారు, చివరి మాట ఏమిటి. ఒకే కథ ముప్ఫైసార్లు చెప్పడం. చిన్నప్పుడు నాకది హింసలా అనిపించేది. ఇప్పుడు అర్థమవుతోంది. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు పెగలదు, పదోసారికి సగం చెప్పగలం, ముప్ఫయ్యోసారికి మధ్యలో లేచి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇవ్వగలం. ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు పట్టుకుని శోకాలు తీసేవారు, గుర్తుందా? చదువుకున్నాక మనం అదంతా మోటు అనుకున్నాం. ఇప్పుడు వచ్చి, నిశ్శబ్దంగా దండం పెట్టి, ఫోన్ చూసుకుని వెళ్ళిపోతున్నాం.

ఆ మాట వచ్చింది గనక ఇది కూడా రాసేస్తాను. మీ అమ్మగారు పోయినప్పుడు నేను తెల్లవారుజామున చేరుకున్నాను. నువ్వు నన్ను చూసి లేచి, నా భుజం మీద తల పెట్టుకున్నావు. నేను ఏమన్నాను? “ఊరుకో, పిల్లలు చూస్తున్నారు” అన్నాను. నువ్వు ఊరుకున్నావు. వెంటనే కళ్ళు తుడుచుకుని, నాకు కాఫీ కలపమని మీ ఆడపడుచుకి చెప్పావు. మన భాషలో ఓదార్పుకి మొదటి మాట ‘ఊరుకో’ ఎందుకయిందో గానీ, ఆ రోజు అది నా నోటి నుంచి రాకుండా ఉండాల్సింది. నా జబ్బు నీకు తెలుసు. ఎవరైనా బాధ చెప్పుకుంటే వినేలోపలే లెక్క చేసి జవాబు చేతిలో పెట్టేస్తాను, లెక్కల టీచర్ని కదా. ఇరవై రెండేళ్ళు ఆలస్యంగా క్షమించమని అడుగుతున్నాను. వద్దనకు.

ఇంకొకటి. దీనికి మనసు గట్టిగా పట్టుకుని రాస్తున్నాను. వేసవి సెలవుల్లో ఒకతను ఇంటికొచ్చాడు, కూతురి ఓణీల ఫంక్షన్‌కి పిలవడానికి. నలభై దాటాయి, చెవుల దగ్గర తెల్లబడింది. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. వాడి అమ్మ ఆ ఏడే పోయింది. పదకొండో రోజు కాగానే బడికొచ్చాడు. వాడు నిటారుగా కూర్చుని లెక్కలు చేస్తుంటే నేను తరగతిలో అందరి ముందూ, “చూడండర్రా, వీణ్ణి చూసి నేర్చుకోండి, ఎంత ధైర్యంగా ఉన్నాడో” అన్నాను. మంచి మాటే అన్నాననుకున్నాను. ఆ మాట నాకు గుర్తు కూడా లేదు. వాడికి ఉంది. కార్డు ఇచ్చి, అరిసె తిని, వెళ్ళబోతూ గుమ్మంలో నిలబడి చెప్పాడు. “టీచర్, ఆ రోజు భోజనాల గంట కొట్టాక బాదంచెట్టు వెనక్కి వెళ్ళి ఏడుద్దామనుకున్నాను. మీరు అలా అన్నాక ఇంక ఏడవడానికి వీల్లేకపోయింది. ఎవరైనా చూస్తే మీ మాట పోతుందనిపించింది.” నామీద కోపంతో చెప్పలేదు. చిన్నప్పటి ముచ్చట చెప్పినట్టు నవ్వుతూ చెప్పాడు. పదమూడేళ్ళ పిల్లాడు నా మాట నిలబెట్టడానికి తన ఏడుపు మింగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది చదివి నువ్వు “నీ తప్పేముందే, ఆ రోజుల్లో అందరూ అలాగే అనేవారు” అంటావు. అందరూ అనేవారు. అందుకే ఇంత రాస్తున్నాను.

2021లో మనిద్దరం ఫోన్లో పోట్లాడుకున్నంత పనైంది, గుర్తుందా? టోక్యో ఒలింపిక్స్. అమెరికా అమ్మాయి సిమోన్ బైల్స్ జిమ్నాస్టిక్స్ జట్టు పోటీలో ఒక్క వాల్ట్ చేసి తప్పుకుంది. “అంత పేరున్న పిల్ల మధ్యలో వదిలేస్తుందా” అని నువ్వు. నీకంటే ముందు నేను. “మన సింధు చూడు, శనివారం సెమీస్‌లో ఓడిపోయి ఆదివారం కాంస్యం తెచ్చుకుంది, అదీ గుండె” అన్నాను. సింధు గురించి అన్నది నిజమే, ఇప్పటికీ అదే అంటాను. ఓడిన మర్నాడే మళ్ళీ బరిలోకి దిగడం తేలికైన పని కాదు. బైల్స్ గురించి అన్నది మాత్రం తప్పు. ఆ తర్వాత తెలుసుకున్నాను, ఆ పిల్లకి గాల్లో ఉండగా తన ఒళ్ళు ఎటు తిరుగుతోందో, నేల ఎక్కడుందో తెలియడం లేదు. రెండున్నర మెలికలు తిరగాల్సినది ఒకటిన్నరతో దిగింది. వాళ్ళ ఆటలో దానికి పేరే ఉంది. గాల్లో దారి తప్పితే మెడ మీద పడతారు.

ఇది ఉత్తమాట కాదు. ఎలెనా ముఖినా అని సోవియట్ అమ్మాయి ఉండేది, 1978లో ప్రపంచ ఛాంపియన్. విరిగిన కాలు పూర్తిగా నయం కాకుండానే మాస్కో ఒలింపిక్స్ కోసం సాధన చేయించారు. 1980 జులైలో, ఒలింపిక్స్‌కి కొద్ది వారాల ముందు, ఒక కష్టమైన పల్టీ చేస్తూ మెడ మీద పడింది. ఇరవై ఏళ్ళ పిల్ల. మెడ కింద నుంచీ ఒళ్ళు కదలకుండా పోయింది. 2006లో చనిపోయేదాకా అలాగే బతికింది. ఆ పిల్లకి గుండె నిబ్బరం లేకనా? ఉండబట్టే. ‘నావల్ల కాదు’ అనే మాట చెల్లే చోటు ఆమెకి లేదు. బైల్స్ ఆ మాట అనగలిగింది. వారం తిరిగాక ఒక్క బీమ్ పోటీకి వచ్చి, చివరి దిగుడులో మెలికలు లేకుండా మార్చుకుని, కాంస్యం తీసుకుని వెళ్ళింది. మూడేళ్ళకి పారిస్‌లో మూడు బంగారు పతకాలు, ఒక వెండి. కానీ ఏమే, పారిస్ పతకాలు రాకపోయినా టోక్యోలో ఆమె చేసింది సరైనదే అంటాను. గెలిచి వచ్చింది గనక అప్పుడు ఆగడం ఒప్పు అనడం మళ్ళీ పాత లెక్కే. రేపు చిన్నవాడికి ఇంకా పెద్ద జీతం వస్తేనే ఈ రెండు నెలలూ ఒప్పవుతాయా?

క్రికెట్ అంటే మీవారికి ప్రాణం గదా, ఈ ఒక్క పేరా ఆయనకి చదివి వినిపించు. 2014లో ఇంగ్లండ్‌లో కోహ్లీ పది ఇన్నింగ్స్‌లో 134 పరుగులు చేశాడు. ఆ రోజుల గురించి ఏళ్ళ తర్వాత అతనే చెప్పాడు, చుట్టూ మనుషులున్నా లోకంలో తానొక్కడే ఉన్నట్టు అనిపించిందని, తన బాధ తెలిసిన నిపుణుడు ఎవరైనా దగ్గరుంటే బాగుండేదని. మీవారు వెంటనే 2018లో అక్కడే 593 కొట్టాడంటారు. కొట్టాడు. నేను చెప్పేది మాత్రం ఆ 134 గురించి.

ఇక నీ అసలు అభ్యంతరం. చెప్పానుగా, నీ మాటలు నువ్వు రాయకముందే నాకు వినపడతాయి. “అయితే పిల్లల్ని దూదిలో పెట్టి పెంచమంటావా? కష్టం తెలియకుండా గట్టిపడతారా?” మనం రైతుల పిల్లలం. నాట్లు వేసిన వారం రోజులు పైరు ఎలా ఉంటుంది? పసుపు పచ్చగా వాడిపోయి, చచ్చిపోయిందేమో అన్నట్టు. నారుమడిలోనే ఉంచితే కంకి రాదు, పీకి నాటాల్సిందే. కష్టం పడాల్సిందే, నేను కాదనను. అయితే ఆ వారం రోజులు రైతు ఏం చేస్తాడు? నీళ్ళు పలచగా కడతాడు. మడిలోకి ఎవర్నీ దిగనివ్వడు. పసుపు పచ్చగా ఉందని మళ్ళీ పీకి ఇంకోచోట నాటడు, తిట్టడు. వేరు పట్టడానికి దాని పాటికి దాన్ని వదిలి, రోజూ పొద్దున్న గట్టు మీద నుంచి ఒకసారి చూసి వెళ్తాడు. పదిరోజులకి తేరుకుంటుంది.

తేరుకోవడం. ఈ మాట కోసమే ఇంతసేపూ తిరుగుతున్నాను. ఇందాక ఇండుపగింజ సంగతి మళ్ళీ చెప్తానన్నాను కదా. మొన్న బిందె లోపల ఆ గింజ అరగదీసి, ఎర్రనీళ్ళు పోసి, మూత పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి అడుగున బురద పేరుకుని పైన నీళ్ళు తేరాయి. బురద ఎక్కడికీ పోలేదు, బిందెలోనే ఉంది, కానీ పైన నీళ్ళు తేటగా ఉన్నాయి. అప్పుడు తట్టింది నాకు, మనం మనుషుల గురించి కూడా ఇదే మాట వాడతామని. జ్వరం నుంచి తేరుకున్నాడంటాం, దుఃఖం నుంచి తేరుకుందంటాం. ఈ మాట పెట్టినవాళ్ళు మనిషిని రాయితో పోల్చలేదు, నీళ్ళతో పోల్చారు. రాయి తేరుకోదుగా! ఎవరైనా బిందె పట్టుకుని ఊపుతూ “తొందరగా తేరు, తొందరగా తేరు” అంటే ఏమవుతుందో నీకు వేరే చెప్పాలా? నువ్వు చిన్నవాడి గది తలుపు రోజుకి ఎన్నిసార్లు కొడుతున్నావు? నిజం చెప్పు.

కోపం తెచ్చుకోకు. నువ్వు భయపడుతున్నావని తెలుసు. భయంలో కొడుతున్నావు తలుపు. నేనైతే ఇంకా ఎక్కువ కొట్టేదాన్ని, అది నీకూ తెలుసు.

వాడు డాక్టరు దగ్గరికి వెళ్ళడం నువ్వు అంచు మీద దాచి రాయాల్సిన సంగతి కాదు. మొదటి పేజీ మొదటి లైనులో, ఆవకాయ కంటే ముందు రాయాల్సింది. ఎవరూ లాక్కెళ్ళకుండా, తనంతట తానే లేచి, ఆటో ఎక్కి, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు కూర్చుని నాకిలా ఉంది అని చెప్పాడు. మా నాన్న పోయేదాకా చెయ్యలేకపోయిన పని అది. దాన్ని నువ్వు నిబ్బరం లేకపోవడం అంటున్నావు, నేను ఒప్పుకోను. మందులు ఇస్తే వేసుకోనీ. బీపీకి నువ్వు వేసుకోవడం లేదా? మధ్యలో మానిపించకు, ఆ సంగతి డాక్టరే చెప్పాలి. బంధువులు అడిగితే ఒంట్లో బాగోలేదని చెప్పు, అది అబద్ధం కూడా కాదు. ఎప్పుడైనా అర్ధరాత్రి వాడికి గానీ నీకు గానీ మరీ గాభరాగా ఉంటే 14416 అని నంబరు ఉంది, టెలి మానస్ అంటారు, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఫ్రిజ్ మీద పాల లెక్క కాగితం పక్కన రాసి అంటించు. నీకు కూడా అన్నాను, చూసుకో. కొడుకు కోసం నిద్రపోకుండా కూర్చునే తల్లికి కూడా పలకరింపు కావాలి. అది వాడు చెయ్యలేడు ఇప్పుడు. నేను చేస్తాను. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తాను, ఎత్తు. ఏడవాలనిపిస్తే ఏడువు. ఊరుకో అనను.

తుఫానుకి పూర్తిగా పడిపోకుండా వాలిపోయిన చెట్లు చిన్నాన్న తోటలో కొన్ని ఉండేవి. నరికెయ్యమన్నారు అందరూ. ఆయన ఉంచాడు. మొవ్వు బతికే ఉంది గనక అవి నేల మీద కొంతదూరం పాకినట్టు పోయి, తల మళ్ళీ పైకి ఎత్తుకున్నాయి. వంకరగా ఉంటాయి, మానుకి ధర రాదు. మిగతావాటితో పాటే కాస్తున్నాయి. వాటి మీద ఊళ్ళో పిల్లలు గుర్రం ఎక్కినట్టు ఎక్కి ఆడుకుంటారు. మీవాడు చిన్నప్పుడు సంక్రాంతికి వచ్చినప్పుడు దిగనని ఏడ్చింది అలాంటి చెట్టు మీద నుంచే. ఆ ఫోటో నా దగ్గర ఉంది, పంపను. వచ్చి చూసుకో.

వాడికి రావాలనిపిస్తే తీసుకురా. బలవంతపెట్టకు, అత్తయ్య అడిగిందని ఒక్కసారి చెప్పి వదిలెయ్. డాక్టర్ని అడిగి, ఆయన సరే అంటేనే. మేడ మీద గది కడిగించాను, కిటికీ తోట వైపే ఉంది. నేను వాణ్ణి ఉద్యోగం గురించి ఒక్క మాట అడగను. మీ అన్నయ్యగారి చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. పొద్దున్న ఎనిమిది దాకా ఎవరూ లేపరు. తినాలంటే తింటాడు, లేకపోతే మూత పెట్టి ఉంచుతాను. రేవు మెట్లు లెక్కపెట్టడానికి మీ అన్నయ్యగారికి ఇంకో మనిషి తోడు దొరికితే సంతోషిస్తారు.

గౌతమి ఎక్కి రాజమండ్రిలో దిగండి. స్టేషన్‌కి నేనే వస్తాను.

నీ
స్నేహితురాలు

ఈసారి ఉత్తరం మొదటి పేజీలో వాడి సంగతే రాయి. ఆవకాయ అంచు మీద రాసినా చాలు.